భాగం 12: ఐదు తీగల గిటార్ – కీత్ రిచర్డ్స్ శ్రుతి వెనుక ఉన్న చరిత్ర

విషయక్రమం

12.0 లక్ష్యాలు
12.1 పరిచయం
12.2 వాయిద్యమే ఆధారం: 'మికాబర్' గిటార్
12.3 ఓపెన్ జి శ్రుతి, తీగల మందం
12.4 'స్పానిష్' అనే పేరు ఎక్కడిది?
12.5 డెల్టా నుంచి షికాగోకు
12.6 లండన్‌కు చేరిన శ్రుతి
12.7 గుర్తింపు ఎవరికి?
12.8 సారాంశం
12.9 కీలక పదాలు
12.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

12.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరువాత మీరు:
• ఒక సంగీత వాయిద్యాన్ని చారిత్రక ఆధారంగా ఎలా పరిశీలించాలో వివరించగలుగుతారు.
• ఓపెన్ జి శ్రుతి ఎలా పనిచేస్తుందో, దానికి తగినట్టు తీగల మందం ఎందుకు మారుతుందో చెప్పగలుగుతారు.
• 19వ శతాబ్దపు అమెరికా నుంచి 1960ల లండన్ వరకు ఈ శ్రుతి సాగిన దారిని గుర్తించగలుగుతారు.
• కళలో అప్పు, హక్కు, గుర్తింపు అనే మూడు విషయాల మధ్య తేడాను చర్చించగలుగుతారు.

12.1 పరిచయం

చరిత్ర ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, తాళపత్రాలు, ప్రభుత్వ దస్తావేజులు గుర్తుకు వస్తాయి. చదువు, ఆస్తి, అధికారం ఉన్నవారు ఇటువంటి ఆధారాలను ఎక్కువగా మిగిల్చి పోతారు. అవేవీ లేని సమూహాల చరిత్ర రాయాలంటే చరిత్రకారులు వారు వాడిన పనిముట్లు, వంటలు, పాటలు, ఆ పనుల్లో వాడుకలో ఉన్న మాటలు చూడవలసి వస్తుంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల్లోని నల్లజాతి వ్యవసాయ కూలీల సంగీతం విషయంలో ఇది మరీ నిజం. వారిలో చాలామంది స్వరాలను కాగితం మీద రాయలేదు. చేతి వేళ్ళ నుంచి చేతి వేళ్ళకు విద్యను అందించారు.

ఈ భాగంలో మనం ఒక ప్రసిద్ధ వాద్యకారుడి గిటార్‌తో మొదలుపెట్టి వెనక్కి వెళతాం. అతడు ఇంగ్లండ్‌కు చెందిన రోలింగ్ స్టోన్స్ బృందపు గిటారిస్టు కీత్ రిచర్డ్స్. 1943 డిసెంబరు 18న లండన్ సమీపంలోని డార్ట్‌ఫర్డ్‌లో పుట్టాడు. బ్లూస్ సంగీతం నుంచి పుట్టిన రాక్ శైలిలో అతని వాయింపు వెంటనే గుర్తుపట్టగలిగేది. మామూలు గిటార్‌కు ఆరు తీగలు ఉంటాయి. రిచర్డ్స్ తన పేరు మోసిన పాటల్లో చాలా వాటిని ఐదు తీగలతో, వేరే శ్రుతిలో వాయించాడు. ఆ శ్రుతిని అతడు కనిపెట్టలేదు. అది ఎక్కడి నుంచి వచ్చింది, ఎవరి చేతులు మారింది, ఆ చేతుల్లో ఎవరి పేర్లు మిగిలాయి అనేవి మనం వేసుకోవలసిన ప్రశ్నలు.

12.2 వాయిద్యమే ఆధారం: 'మికాబర్' గిటార్

రిచర్డ్స్ ఎక్కువగా వాడిన గిటార్లలో ఒకదానికి 'మికాబర్' అని పేరు. ఛార్లెస్ డికెన్స్ నవల 'డేవిడ్ కాపర్‌ఫీల్డ్'లోని ఒక పాత్ర పేరు అది. గిటార్ మాత్రం 1950ల తొలి సంవత్సరాల్లో తయారైన ఫెండర్ టెలికాస్టర్.

టెలికాస్టర్ గురించి కొంత తెలుసుకోవాలి. లియో ఫెండర్ సంస్థ కాలిఫోర్నియాలో ఈ నమూనాను 1950లో 'బ్రాడ్‌కాస్టర్' పేరుతో విడుదల చేసింది. 1951 నుంచి దానికి టెలికాస్టర్ అనే పేరు స్థిరపడింది. వీణకు, పాత గిటార్లకు ఉన్నట్టు దీనికి డొల్ల కాయం ఉండదు. ఇది గట్టి చెక్క పలక. దండిని నాలుగు మరలతో బిగిస్తారు. తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే పికప్‌లను సులువుగా విప్పి మార్చుకోవచ్చు. చేతిపని వాయిద్యం కాక, కర్మాగారంలో విడిభాగాలుగా తయారై కలిపిన వాయిద్యం కావడం వల్ల వాడేవారు దీన్ని తమ అవసరానికి తగినట్టు మార్చుకోవడం తేలికైంది.

మికాబర్‌లో జరిగిన మార్పులు చూడండి. దండి వైపు ఉన్న ఫెండర్ పికప్‌ను తీసేసి గిబ్సన్ సంస్థ తయారుచేసిన హంబకర్ పికప్‌ను పెట్టారు. దాని నాదం మరింత నిండుగా ఉంటుంది. తీగలు ఆనే గుర్రాన్ని మార్చి, ఒక్కో తీగను విడివిడిగా సవరించే ఇత్తడి గుర్రాన్ని అమర్చారు. అన్నిటికన్నా ముఖ్యం, లావుపాటి ఆరో తీగను తీసేశారు. ఐదు తీగలే మిగిలాయి. 1970లలో టెడ్ న్యూమన్ జోన్స్ అనే వాయిద్య తయారీదారు రిచర్డ్స్ కోసం మొదటి నుంచీ ఐదు తీగలకే రూపొందించిన గిటార్లు కూడా చేశాడు. అంటే ఒక అలవాటుగా మొదలైనది చివరకు వాయిద్యపు ఆకారాన్నే మార్చింది.

ఒక చరిత్ర విద్యార్థిగా మీరు ఇక్కడ వేయవలసిన ప్రశ్న 'ఏం చేర్చారు?' అన్నది మాత్రమే కాదు. 'ఏం తీసేశారు, ఎందుకు?' అన్నది కూడా. దీనికి జవాబు శ్రుతిలో ఉంది.

12.3 ఓపెన్ జి శ్రుతి, తీగల మందం

మామూలు గిటార్ ఆరు తీగలను లావు నుంచి సన్నానికి ఇ, ఎ, డి, జి, బి, ఇ అనే స్వరాలకు శ్రుతి చేస్తారు. ఎడమ చెయ్యి పెట్టకుండా అన్ని తీగలనూ ఒకేసారి మీటితే ఇంపైన స్వరసముదాయం రాదు. కార్డ్ కావాలంటే వేళ్ళతో మెట్ల మీద నొక్కాలి.

ఓపెన్ జి శ్రుతిలో మూడు తీగలను ఒక్కో పూర్తి స్వరం చొప్పున దించుతారు. ఆరో తీగ ఇ నుంచి డికి, ఐదో తీగ ఎ నుంచి జికి, మొదటి తీగ ఇ నుంచి డికి దిగుతాయి. ఇప్పుడు తీగలు డి, జి, డి, జి, బి, డి. వేలు పెట్టకుండా మీటినా జి మేజర్ అనే కార్డ్ పలుకుతుంది. 'ఓపెన్' అనే మాటకు ఇక్కడ అర్థం అదే.

మీకు కర్ణాటక సంగీతంతో పరిచయం ఉంటే ఇది ఇంకా తేలిక. జి స్వరాన్ని షడ్జమం అనుకోండి. అప్పుడు డి పంచమం, బి అంతర గాంధారం. సరళీ వరుసలు మాయామాళవగౌళలో నేర్చుకున్నవారికి ఈ గాంధారం చెవికి తెలిసినదే. లావు తీగ నుంచి చూస్తే ఈ శ్రుతి ప, స, ప, స, గ, ప అవుతుంది. అన్నిటికన్నా కింద పంచమం ఉండడం వల్ల ఆధార షడ్జమం మరుగున పడుతుంది. ఆ లావు తీగను తీసేస్తే మిగిలేది స, ప, స, గ, ప. ఇప్పుడు కింది స్వరం షడ్జమమే. కార్డ్ గట్టిగా నిలబడుతుంది. రిచర్డ్స్ ఆరో తీగను వదిలేయడానికి కారణం ఇదే.

వీణ వాయించే నాలుగు తీగలను కూడా షడ్జమ పంచమాలకే శ్రుతి చేస్తారని మీకు తెలిసే ఉంటుంది. అయినా ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. రెండు వస్తువుల మధ్య పోలిక కనిపించినంత మాత్రాన వాటి మధ్య చారిత్రక సంబంధం ఉన్నట్టు కాదు. షడ్జమ పంచమాలు చెవికి సహజంగా కలిసే స్వరాలు కాబట్టి అనేక దేశాల వాద్యకారులు ఎవరికి వారే అక్కడికి చేరారు. సంబంధం ఉందని చెప్పాలంటే మనుషులు, వస్తువులు, పేర్లు ప్రయాణించిన దారి చూపించాలి. ఆ పని 12.4 నుంచి చేస్తాం.

ఈ శ్రుతిలో ఎడమ చేతి పని కూడా మారుతుంది. చూపుడు వేలును ఒక మెట్టు మీద అడ్డంగా పరిస్తే చాలు, ఒక పూర్తి కార్డ్ వస్తుంది. ఆ వేలు కదపకుండా మిగిలిన రెండు వేళ్ళతో గాంధారాన్ని శుద్ధ మధ్యమానికి, నడిమి పంచమాన్ని చతుశ్రుతి ధైవతానికి ఎత్తితే స్వరసముదాయం రెండో కార్డ్‌కు జరుగుతుంది. వేళ్ళు తీస్తే మళ్ళీ మొదటిదానికి వస్తుంది. 'బ్రౌన్ షుగర్' (1971), 'స్టార్ట్ మీ అప్' (1981) పాటల గిటార్ వరుసలు ఈ రాకపోకల మీదే కట్టినవి. పాటకు పై శ్రుతి కావాలంటే దండికి కేపో అనే బిగింపు పెట్టుకుంటారు. 'టంబ్లింగ్ డైస్' (1972) పాటకు నాలుగో మెట్టు దగ్గర కేపో పెడితే శ్రుతి జి నుంచి బికి పెరుగుతుంది.

ఇక తీగల మందం. తీగను దించితే బిగువు తగ్గుతుంది. ఒక పూర్తి స్వరం దించితే పౌనఃపున్యం సుమారు 11 శాతం తగ్గుతుంది. ఉదాహరణకు ఐదో తీగ 110 హెర్ట్జ్ నుంచి 98 హెర్ట్జ్‌కు దిగుతుంది. తీగ బిగువు పౌనఃపున్యపు వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి బిగువు సుమారు 21 శాతం పడిపోతుంది. అదే తీగ ఉంచితే వదులై, గట్టిగా మీటినప్పుడు మెట్లకు తగిలి జీరగా పలుకుతుంది. లావు తీగ వేస్తే ఈ లోటు తీరుతుంది.

రిచర్డ్స్ ఐదు తీగల గిటార్లకు వాడినట్టు సాధారణంగా చెప్పే కొలతలను, మార్కెట్లో దొరికే మామూలు ఎలక్ట్రిక్ గిటార్ తీగల జతతో పోల్చి చూడండి (కొలతలు అంగుళాల్లో):

మొదటి తీగ: మామూలు జత 0.010, రిచర్డ్స్ జత 0.011
రెండో తీగ: మామూలు జత 0.013, రిచర్డ్స్ జత 0.015
మూడో తీగ: మామూలు జత 0.017, రిచర్డ్స్ జత 0.018
నాలుగో తీగ: మామూలు జత 0.026, రిచర్డ్స్ జత 0.030
ఐదో తీగ: మామూలు జత 0.036, రిచర్డ్స్ జత 0.042

ఈ పట్టికలో రెండు విషయాలు గమనించండి. ఒకటి, ఎక్కువగా లావైనది కింది షడ్జమం పలికే ఐదో తీగ. అది మామూలు జతలోని ఆరో తీగ మందానికి దగ్గరగా వచ్చింది. రెండు, శ్రుతి మారని రెండో, మూడో, నాలుగో తీగలు కూడా కొంత లావుగానే ఉన్నాయి. లావు తీగను సాగదీసి గమకం తీయడం కష్టం, కాని కుడిచేత్తో బలంగా కొట్టడానికి అది తట్టుకుంటుంది. కాబట్టి ఈ జత ఒంటరి స్వరాలతో మెరుపులు చూపే వాద్యకారుడిది కాదనీ, లయను నడిపించే వాద్యకారుడిదనీ మనం ఊహించవచ్చు. రికార్డులు వింటే ఆ ఊహ సరైనదేనని తెలుస్తుంది.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. ఓపెన్ జి శ్రుతిలో ఏ మూడు తీగలను దించుతారు?
2. రిచర్డ్స్ ఆరో తీగను ఎందుకు తీసేశాడు? షడ్జమ పంచమాల సాయంతో రెండు వాక్యాల్లో రాయండి.

12.4 'స్పానిష్' అనే పేరు ఎక్కడిది?

మిసిసిపి ప్రాంతపు పాత బ్లూస్ వాద్యకారులు ఓపెన్ జి శ్రుతిని 'స్పానిష్' అనేవారు. మరో శ్రుతి ఓపెన్ డిని 'వెస్టపోల్' అనేవారు. స్పెయిన్‌తో సంబంధం లేని పత్తి పొలాల కూలీలు ఈ మాటలు ఎందుకు వాడారు?

జవాబు 19వ శతాబ్దపు నడిమి తరగతి ఇళ్ళలో దొరుకుతుంది. ఆ రోజుల్లో గిటార్ అమెరికాలో పేదల వాయిద్యం కాదు. ఇంటి ముందుగదిలో యువతులు నేర్చుకునే చిన్న, పేగు తీగల వాయిద్యం. హెన్రీ వరాల్ అనే సంగీత ఉపాధ్యాయుడు 1860లో 'స్పానిష్ ఫాండాంగో' అనే గిటార్ రచనను ప్రచురించాడు. దాన్ని ఓపెన్ జి శ్రుతిలో వాయించాలి. క్రిమియా యుద్ధంలో ముట్టడికి గురైన సెబాస్టపోల్ నగరం పేరుతో అతనిదే మరో రచన ఓపెన్ డి శ్రుతిలో ఉంది. ఎడమ చేతికి పని తక్కువ కాబట్టి కొత్తగా నేర్చుకునేవారికి ఇవి బాగా ఉపయోగపడ్డాయి. అచ్చు ప్రతులుగా చాలాకాలం అమ్ముడుపోయాయి. తరువాతి తరాల నోళ్ళలో 'సెబాస్టపోల్' కాస్తా 'వెస్టపోల్' అయింది. రచనల పేర్లు శ్రుతుల పేర్లుగా స్థిరపడ్డాయి.

ఇక్కడ ఒక మాట సాక్ష్యంగా పనిచేసింది. ముందుగది సంగీతం పొలాలకు ఎప్పుడు, ఎవరి ద్వారా చేరిందో చెప్పే రాతప్రతి లేకపోయినా, అది చేరిందని ఈ పేరే రుజువు చేస్తుంది.

గిటార్ పొలాలకు చేరడానికి ఆర్థిక కారణం ఉంది. 1890ల నాటికి సియర్స్ వంటి సంస్థలు వస్తువుల పట్టికలను అచ్చువేసి, తపాలా ద్వారా ఆర్డర్లు తీసుకుని, కర్మాగారాల్లో తయారైన గిటార్లను కొద్ది డాలర్లకే అమ్మేవి. 1896లో మొదలైన గ్రామీణ ఉచిత తపాలా బట్వాడా పల్లెలను ఈ మార్కెట్‌తో కలిపింది. దక్షిణ రాష్ట్రాల్లో పాలుకు సాగు చేసే నల్లజాతి కుటుంబాలు భూస్వామి దుకాణానికి అప్పుపడి ఉండేవి. ఊళ్ళో తెల్లవారి దుకాణాల్లో వారికి అవమానాలు తప్పేవి కావు. పట్టిక చూసి తపాలాలో తెప్పించుకునే పద్ధతిలో కొనేవారి రంగు అడిగేవారు లేరు. 1900 తరువాత ఉక్కు తీగలు ప్రచారంలోకి వచ్చి గిటార్ నాదం పెద్దదైంది. శనివారం రాత్రి నాట్యాల గోలలో కూడా వినబడే వాయిద్యంగా అది మారింది.

రెండో మూలం బాంజో. పశ్చిమ ఆఫ్రికాలోని సొరకాయ బుర్ర వాయిద్యాల జ్ఞాపకంతో బానిసలుగా తెచ్చిన ప్రజలు అమెరికా ఖండంలో దీన్ని రూపొందించారు. ఐదు తీగల బాంజోకు వాడే శ్రుతుల్లో జి, డి, జి, బి, డి ఒకటి. రిచర్డ్స్ గిటార్ మీద ఉన్న స్వరాలు సరిగ్గా ఇవే. బాంజో పొట్టి ఐదో తీగ పై స్థాయి జి పలుకుతుంది, గిటార్ ఐదో తీగ కింది స్థాయి జి పలుకుతుంది, తేడా అంతే. రిచర్డ్స్ 2010లో వెలువరించిన ఆత్మకథ 'లైఫ్'లో తన ఐదు తీగల శ్రుతికి బాంజోనే మూలమని రాశాడు.

ఈ రెండు వాదాల్లో ఏది సరి? ఆత్మకథ ఒక వాద్యకారుడి అవగాహనను చెబుతుంది. అది సంఘటనలు జరిగిన శతాబ్దం తరువాతి మాట. 'స్పానిష్' అనే పేరు మాత్రం పాత వాద్యకారుల వాడుకలోనిది. పేరు ముందుగదిని చూపుతోంది. బాంజో వాయించిన చేతులే గిటార్‌ను అందుకున్నాయి కాబట్టి ఆ శ్రుతి వారికి అప్పటికే పరిచితం కావచ్చు. ఒకదాన్ని తోసిపుచ్చవలసిన అవసరం లేదు. తెల్లవారి ముందుగది సంగీతం, ఆఫ్రికా నుంచి వచ్చిన వాద్యవిద్య ఒకే తీగల మీద కలిశాయని అనుకోవడమే ఆధారాలకు దగ్గరగా ఉంటుంది.

12.5 డెల్టా నుంచి షికాగోకు

1903 ప్రాంతంలో మిసిసిపి రాష్ట్రంలోని టట్‌విలర్ రైల్వే స్టేషన్‌లో ఒక నల్లజాతి వాద్యకారుడు గిటార్ తీగల మీద చాకు జారుస్తూ పాడుతుండగా విన్నానని స్వరకర్త డబ్ల్యు. సి. హ్యాండీ తన ఆత్మకథలో రాశాడు. ఆ వాయింపును హవాయి వాద్యకారుల పద్ధతితో పోల్చాడు. తీగ మీద గాజు గొట్టం లేదా లోహాన్ని జార్చే ఈ పద్ధతిని స్లైడ్ అంటారు. గొట్టం అన్ని తీగలనూ ఒకే గీత మీద తాకుతుంది కాబట్టి దీనికి ఓపెన్ శ్రుతి బాగా అనువైనది. హ్యాండీ పుస్తకం 1941లో వెలువడింది. నడుమ ఉన్న 38 ఏళ్ళలో హవాయి గిటార్ అమెరికా అంతటా ప్రచారమైంది. కాబట్టి ఆ పోలిక హ్యాండీకి 1903లో తోచిందా, రాసేటప్పుడు తోచిందా అన్న అనుమానాన్ని మీరు మనసులో ఉంచుకోవాలి.

1920, 1930లలో మిసిసిపి డెల్టాలో చార్లీ ప్యాటన్, సన్ హౌస్, వారి వెనుక రాబర్ట్ జాన్సన్ ఈ శ్రుతిని విస్తృతంగా వాడారు. జాన్సన్ 1936 నవంబరులో శాన్ ఆంటోనియోలో, 1937 జూన్‌లో డాలస్‌లో కలిపి 29 పాటలు రికార్డు చేశాడు. 1938లో 27 ఏళ్ళ వయసులో చనిపోయాడు.

1941లో ఫిస్క్ విశ్వవిద్యాలయం, లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ కలిసి డెల్టాలో క్షేత్రపరిశోధన చేపట్టాయి. స్టోవాల్ తోటలో ట్రాక్టరు నడిపే యువకుడు మడ్డీ వాటర్స్ పాటలను అప్పుడే మొదటిసారి రికార్డు చేశారు. తాను సన్ హౌస్ నుంచి నేర్చుకున్నానని అతడు అక్కడే చెప్పాడు. ఈ పరిశోధన గురించి మాట్లాడేటప్పుడు చాలాకాలం అలన్ లొమాక్స్ పేరే వినిపించింది. ఫిస్క్‌కు చెందిన నల్లజాతి పరిశోధకుడు జాన్ వర్క్ పాత్రకు తగిన గుర్తింపు చాలా ఆలస్యంగా వచ్చింది. గుర్తింపు సమస్య వాద్యకారులకే పరిమితం కాదని దీనివల్ల గ్రహించండి.

1943లో మడ్డీ వాటర్స్ షికాగోకు వెళ్ళాడు. 20వ శతాబ్దంలో దక్షిణ రాష్ట్రాల నుంచి ఉత్తరాది, పశ్చిమ నగరాలకు తరలిన సుమారు 60 లక్షల మంది నల్లజాతి ప్రజల్లో అతడొకడు. నగరపు బార్లలో చెక్క గిటార్ వినపడదు. అతడు ఎలక్ట్రిక్ గిటార్ పట్టాడు. 1948లో రికార్డు చేసిన 'ఐ కాంట్ బి శాటిస్‌ఫైడ్'లో డెల్టాలోని అదే ఓపెన్ జి శ్రుతి, అదే స్లైడ్ విద్యుత్ నాదంతో వినిపిస్తాయి. పల్లెలో పుట్టి నగరానికి వలస వచ్చినవారు ఆ రికార్డును ఎగబడి కొన్నారు. 1950లో వచ్చిన అతని మరో పాట పేరు 'రోలిన్ స్టోన్'.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
1. 'స్పానిష్' అనే మాట చరిత్రకారుడికి ఎలా ఆధారమవుతుంది?
2. హ్యాండీ ఆత్మకథను ఆధారంగా వాడేటప్పుడు ఏ జాగ్రత్త అవసరం?

12.6 లండన్‌కు చేరిన శ్రుతి

1961 అక్టోబరులో డార్ట్‌ఫర్డ్ రైల్వే స్టేషన్‌లో కీత్ రిచర్డ్స్‌కు చిన్ననాటి స్నేహితుడు మిక్ జాగర్ ఎదురుపడ్డాడు. జాగర్ చేతిలో చక్ బెర్రీ, మడ్డీ వాటర్స్ రికార్డులు ఉన్నాయి. ఆ రోజుల్లో అవి ఇంగ్లండ్ దుకాణాల్లో సులువుగా దొరికేవి కావు. 1962లో వీరు ఏర్పరచిన బృందానికి మడ్డీ వాటర్స్ పాట నుంచే పేరు పెట్టుకున్నారు. 1961లోనే రాబర్ట్ జాన్సన్ పాటలు ఎల్.పి.గా మళ్ళీ వెలువడ్డాయి. యుద్ధానంతర ఇంగ్లండ్ యువకులకు రికార్డే గురువు. రికార్డులో నాదం వినిపిస్తుంది గాని తీగలు ఎలా శ్రుతి చేశారో కనిపించదు. అందువల్ల మామూలు శ్రుతిలో ఎంత ప్రయత్నించినా కొన్ని నాదాలు వారి చేతికి అందలేదు.

1967–68 ప్రాంతంలో రిచర్డ్స్ ఓపెన్ శ్రుతులను పట్టుదలగా సాధన చేయడం మొదలుపెట్టాడు. మొదట ఓపెన్ డి, ఓపెన్ ఇ శ్రుతులు. 'జంపిన్ జాక్ ఫ్లాష్' (1968) కోసం ఒక చెక్క గిటార్‌ను చిన్న క్యాసెట్ రికార్డర్‌లో దాని తాహతుకు మించిన శబ్దంతో రికార్డు చేసి, ఎలక్ట్రిక్ గిటార్ వంటి కరుకు నాదం రాబట్టాడు. గ్రామీణ సోదరగాయకులు ఎవర్లీ బ్రదర్స్‌లో డాన్ ఎవర్లీ 1957లోనే 'బై బై లవ్' పాటకు ఓపెన్ శ్రుతి వాడిన సంగతిని కూడా అతడు గమనించాడు.

ఓపెన్ జి మాత్రం ఒక మనిషి ద్వారా వచ్చింది. అతడు కాలిఫోర్నియా గిటారిస్టు రై కూడర్. డెల్టా వాద్యపద్ధతులను కూడర్ లోతుగా నేర్చుకున్నాడు. రోలింగ్ స్టోన్స్ రికార్డింగులకు అతడు వచ్చినప్పుడు రిచర్డ్స్ అతని చేతుల్లో ఈ శ్రుతిని చూశాడు. 1969 జూలైలో వెలువడిన 'హాంకీ టాంక్ విమెన్' పాటలో ఓపెన్ జి రిచర్డ్స్ సొంత గొంతుగా మారింది. స్లైడ్‌ను పక్కన పెట్టి, ఆరో తీగ తీసేసి, అదే శ్రుతిని లయ వాయింపుకు వాడడం అతని ప్రత్యేకత. ఆ మార్పును చిన్నదిగా చూడకూడదు. డెల్టాలో ఈ శ్రుతి ఒంటరి గాయకుడికి తోడు. రిచర్డ్స్ చేతిలో అది డ్రమ్ము, బేస్ గిటార్‌లతో కలిసి ఒక బృందాన్ని నడిపే యంత్రం. కింది స్వరాలను బేస్ గిటార్ చూసుకుంటుంది కాబట్టి లావు తీగ లేని లోటు ఉండదు.

12.7 గుర్తింపు ఎవరికి?

తన వాద్యపద్ధతిని రోలింగ్ స్టోన్స్ వాడుకున్నారని కూడర్ తరువాత పత్రికాముఖంగా ఫిర్యాదు చేశాడు. రిచర్డ్స్ తన ఆత్మకథలో ఓపెన్ జి శ్రుతిని కూడర్ దగ్గర చూసి నేర్చుకున్నానని ఒప్పుకున్నాడు. ఇద్దరి మధ్య తగవుగా చూస్తే సంగతి ఇక్కడితో ముగుస్తుంది. మనం వచ్చిన దారిని గుర్తు చేసుకుంటే మాత్రం ఇంకో ప్రశ్న మిగులుతుంది. కూడర్ ఎవరి దగ్గర నేర్చుకున్నాడో వారికి ఏం దక్కింది?

చట్టం ఏం చెబుతుందో చూడండి. కాపీరైట్ చట్టం పాటను, దాని రికార్డును కాపాడుతుంది. శ్రుతిని, తీగల మందాన్ని, వేళ్ళ పద్ధతిని కాపాడదు. అవి ఎవరైనా వాడుకోగల విద్య. ఇది ఒక విధంగా మంచిదే. ముందుగది శ్రుతికి కాపీరైట్ ఉండి ఉంటే డెల్టా బ్లూస్ పుట్టేదే కాదు.

పాటల విషయం వేరు. రాబర్ట్ జాన్సన్ 1937లో రికార్డు చేసిన 'లవ్ ఇన్ వెయిన్'ను రోలింగ్ స్టోన్స్ 1969 నాటి 'లెట్ ఇట్ బ్లీడ్' ఆల్బమ్‌లో పాడారు. అందులో మాండలిన్ వాయించినది కూడరే. రికార్డు అట్ట మీద రచయితగా జాన్సన్ పేరు లేదు, మరో పేరు ఉంది. ఈ పాట, 'స్టాప్ బ్రేకింగ్ డౌన్' అనే మరో పాట ఎవరివనే వ్యాజ్యం అమెరికా కోర్టులకు వెళ్ళింది. జాన్సన్ రికార్డులు 1930లలో కాపీరైట్ సూచన లేకుండానే అమ్ముడుపోయాయి కాబట్టి ఆ పాటలు ఎప్పుడో అందరి సొత్తయ్యాయని రోలింగ్ స్టోన్స్ పాటల ప్రచురణ సంస్థ వాదించింది. ఆనాటి రికార్డుల అమ్మకం చట్టం దృష్టిలో 'ప్రచురణ' కాదని 2000లో అప్పీలు కోర్టు తేల్చి, జాన్సన్ వారసత్వం తరపు వాదనను ఆమోదించింది. అప్పటికి జాన్సన్ చనిపోయి 62 ఏళ్ళు.

ఈ రెండు విషయాలను పక్కపక్కన పెట్టి ఆలోచించండి. పాటకు రికార్డు ఉంది, తేదీ ఉంది, కోర్టు ఉంది. అందుకే ఆలస్యంగానైనా పేరు తిరిగి వచ్చింది. శ్రుతికి ఇవేవీ లేవు. దాన్ని టట్‌విలర్ స్టేషన్‌లో వాయించిన మనిషి పేరు హ్యాండీ కూడా రాయలేదు. అటువంటి వారి వాటాను ఏ కోర్టూ తేల్చలేదు. 'స్పానిష్' వంటి ఒక మాట, ఖాళీగా ఉన్న ఒక బిరడ, కొద్దిగా లావైన ఒక తీగ వంటి ఆనవాళ్ళ నుంచి ఆ వాటాను చూపించడం చరిత్రకారుడి పని.

అదే సమయంలో రెండు తొందరపాటు తీర్పులకు లొంగకండి. రిచర్డ్స్ అంతా తానే కనిపెట్టాడనడం ఒక తప్పు. అతడు చేసిందేమీ లేదు, తీసుకున్నాడంతే అనడం రెండో తప్పు. తీసుకున్నదేమిటో, చేర్చినదేమిటో విడివిడిగా చూపించగలిగినప్పుడే మన వాదన నిలుస్తుంది. శ్రుతి తీసుకున్నది. ఐదు తీగలకు కుదించి, లావు తీగలు వేసి, బృందపు లయకు కేంద్రంగా నిలిపిన పద్ధతి అతని పనితనం.

12.8 సారాంశం

కీత్ రిచర్డ్స్ ఐదు తీగల టెలికాస్టర్‌ను జి, డి, జి, బి, డి స్వరాలకు శ్రుతి చేసి వాయించాడు. కింది పంచమాన్ని తొలగించి షడ్జమాన్ని ఆధారం చేసుకోవడానికి ఆరో తీగను తీసేశాడు. తగ్గిన బిగువును లావు తీగలతో భర్తీ చేశాడు. ఈ శ్రుతి 1860 నాటి ముందుగది సంగీతంలో అచ్చయింది. బాంజో విద్య కలిగిన నల్లజాతి వాద్యకారుల చేతుల్లో, తపాలా ద్వారా వచ్చిన చవక గిటార్ల మీద బ్లూస్‌గా మారింది. వలసతో షికాగో చేరి విద్యుత్ నాదం పొందింది. రికార్డుల ద్వారా నాదంగానూ, రై కూడర్ ద్వారా పద్ధతిగానూ లండన్ చేరింది. పాటలకు చట్టపరమైన హక్కు ఉంది, శ్రుతులకు లేదు. కాబట్టి శ్రుతుల విషయంలో గుర్తింపు అనేది ప్రధానంగా చరిత్ర రచన బాధ్యత.

12.9 కీలక పదాలు

ఓపెన్ శ్రుతి: వేళ్ళు పెట్టకుండా మీటినా ఒక పూర్తి కార్డ్ పలికేలా తీగలను అమర్చడం.
కార్డ్: ఒకేసారి పలికే మూడు లేదా అంతకన్నా ఎక్కువ స్వరాల సముదాయం.
కేపో: అన్ని తీగల శ్రుతినీ ఒకేసారి పెంచడానికి దండికి పెట్టే బిగింపు.
స్లైడ్: గాజు గొట్టాన్ని లేదా లోహాన్ని తీగల మీద జార్చి వాయించే పద్ధతి.
పికప్: ఎలక్ట్రిక్ గిటార్‌లో తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగం.
డెల్టా: ఇక్కడ, మిసిసిపి రాష్ట్రపు వాయవ్య భాగంలోని పత్తి పండే మైదానం.

12.10 మాదిరి పరీక్ష ప్రశ్నలు

అ) ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 30 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. ఓపెన్ జి శ్రుతి అమెరికాలో వ్యాపించడానికి దోహదం చేసిన ఆర్థిక, సామాజిక కారణాలను చర్చించండి.
2. "శ్రుతికి కాపీరైట్ లేదు, చరిత్ర ఉంది." ఈ భాగంలోని ఉదాహరణలతో ఈ వాక్యాన్ని పరిశీలించండి.

ఆ) ఈ కింది ప్రశ్నలకు ఒక్కొక్క దానికి 15 పంక్తుల్లో సమాధానం రాయండి.
1. తీగల మందానికీ శ్రుతికీ ఉన్న సంబంధాన్ని వివరించండి.
2. పోలికకూ చారిత్రక సంబంధానికీ మధ్య తేడాను వీణ, గిటార్ శ్రుతుల ఉదాహరణతో తెలపండి.
3. రిచర్డ్స్ తీసుకున్నదేమిటి, చేర్చినదేమిటి?

ఇ) చేసి చూడండి.
మీ ప్రాంతంలో వాడుకలో ఉన్న డప్పు, తంబుర, సన్నాయి, వీణ వంటి ఒక వాయిద్యాన్ని ఎంచుకోండి. దాన్ని వాయించేవారిని లేదా తయారు చేసేవారిని కలిసి, దాని భాగాల పేర్లు, వాడే పదార్థాలు, ఇటీవల వచ్చిన మార్పులు నమోదు చేయండి. ఆ పేర్లలో ఏవి ఏ వృత్తి నుంచి లేదా ఏ ప్రాంతం నుంచి వచ్చి ఉండవచ్చో ఊహించండి. మీ ఊహకు ఆధారమేమిటో రెండు పుటలకు మించకుండా రాయండి. మీకు ఆ విద్య చెప్పినవారు అంగీకరిస్తే వారి పేరును మీ వ్యాసం మొదటి పుటలోనే పేర్కొనండి.